తొట్టి పిల్ల

అయ్యమ్మకు కోపం రావడం యాపలదిన్నిలో వింతేమీ కాదు. పప్పులో ఉప్పెక్కువైనా వస్తుంది, రాయచూరు బస్సు ఆలస్యమైనా వస్తుంది. వచ్చినంత తొందరగానే పోతుంది కూడా. కాని క్రిస్మస్ ముందురోజు పొద్దున చర్చి వెనకగదిలో ఆ ప్లాస్టిక్ బొమ్మను చూసినప్పుడు వచ్చిన కోపం ఆ రకం కాదు. చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది.

బొమ్మ కొత్తది. రాయచూరు బజారులో కొన్నది, కవరు ఇంకా పూర్తిగా విప్పలేదు. గులాబీ రంగు ఒళ్లు, నీలం కళ్లు. నిలబెడితే కళ్లు తెరుస్తుంది, పడుకోబెడితే మూస్తుంది. ఎవరి పిల్లలకో తెచ్చారనుకుంది ముందు. తర్వాత దాని పక్కనే మడతపెట్టిన తెల్లగుడ్డ కనపడింది. ఆ గుడ్డ ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? ఏటా ఉతికేది ఆమే. అది తొట్టి పిల్లను చుట్టే గుడ్డ.

యాపలదిన్ని చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. క్రిస్మస్ ఆరాధనలో గొల్లలు వచ్చి బాలయేసును చూసే ఆట ఆడతారు కదా, అప్పుడు ఇక్కడ తొట్టిలో బొమ్మను పెట్టరు. సంఘంలో ఆ ఏడు పుట్టినవాళ్లలో అందరికంటే చిన్న బిడ్డ ఎవరో చూసి, ఆ బిడ్డనే పడుకోబెడతారు. ఆడా మగా అని చూడరు. ఏడ్చినా సరే, గుడ్డ తడిపినా సరే. వేపచెక్క తొట్టి అది, ఒకప్పుడు నిజంగా ఎద్దులు మేసిందే. అందులో జొన్న చొప్ప పరుస్తారు. గొంగళ్లు కప్పుకున్న గొల్లలు వచ్చి మోకాళ్లూనుతారు. అప్పుడు పాస్టరుగారు బిడ్డ పేరు గట్టిగా పిలుస్తారు. అందాకా ఆ బిడ్డను ఎవరూ పేరు పెట్టి పిలవరు, కన్నతల్లి కూడా. ఆ తర్వాత ఆ బిడ్డ ఎంత పెద్దదైనా ఊళ్లో తొట్టి పిల్లే. తల నెరిసి మోకాళ్లు అరిగిపోయిన సంఘపెద్ద కిష్టప్ప తొట్టి పిల్ల. అయ్యమ్మ కూతురు స్ఫూర్తి కూడా తొట్టి పిల్లే.

ఈ ఏడు అందరికంటే చిన్నది స్ఫూర్తి కూతురు. దసరా వెళ్లాక పుట్టింది. పెళ్లి లేకుండా పుట్టింది.

స్ఫూర్తి రాయచూరులో పత్తి మిల్లుకు పనికి పోయేది. అక్కడ సూగురేశ్ అని ఒకడు పెళ్లి చేసుకుంటానన్నాడు. కడుపు కనపడే వేళకు వాడి ఇంటివాళ్లు వాడిని తీసుకుపోయి వేరే పిల్లతో తాళి కట్టించేశారు. వాడు కిమ్మనలేదు. వానలు పడ్డప్పుడు స్ఫూర్తి బట్టల సంచితో ఇంటికి వచ్చింది. పాస్టరు విజయకుమార్ కిష్టప్పను వెంటబెట్టుకుని వచ్చి, ప్రార్థన చేసి, తప్పు ఎవరిదో ఎట్లా జరిగిందో అడిగి తెలుసుకుని, సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా ఈ పిల్ల రొట్టె, రసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రాకూడదని చెప్పి పోయాడు. ఆ తర్వాత కూడా వచ్చాడు. వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న, అదే ప్రార్థన.

విజయకుమార్ చెడ్డవాడైతే అయ్యమ్మకు ఇంత మంట ఉండేది కాదు. కాలువ కింద సేద్యానికి కోస్తా నుంచి వచ్చినవాళ్ల క్యాంపులో పుట్టిన కుర్రాడు, మాట కూడా కోస్తాదే. జ్వరాల కాలంలో అయ్యమ్మ స్నేహితురాలు నింగమ్మను తన బండి మీద పెట్టుకుని రాయచూరు ఆసుపత్రికి తీసుకుపోయింది అతనే, రక్తమిచ్చింది కూడా అతనే. అటువంటి మనిషి ఈ బొమ్మను తెచ్చాడు. అదీ ఆమెను కాల్చేస్తున్నది.

అతను చర్చిలో ప్రసంగం వల్లె వేసుకుంటున్నాడు. వారం రోజులుగా అదే పని. ఈసారి క్రిస్మస్‌కు కల్లూరు నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ పాస్టర్లను పిలిచాడు. వాళ్ల ముందు చెప్పబోయేది, సంఘ కాపరులు క్రిస్మస్ నాటి గొల్లల దగ్గర ఏం నేర్చుకోవాలని. ఊడుస్తూ ఊడుస్తూ వినీ వినీ అయ్యమ్మకు ఆ ప్రసంగం మొత్తం నోటికొచ్చేసింది. ఎక్కడ గొంతు పెంచుతాడో, ఎక్కడ ఆగి నీళ్లు తాగుతాడో కూడా ఆమెకు తెలుసు.

అయ్యమ్మ బొమ్మను కాలు పట్టుకుని తలకిందులుగా తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. "ఇదేంది అయ్యగారు?"

విజయకుమార్ ముఖం ఎర్రబడింది. ఆమెతో ముందే చెప్పాలనుకున్నాడట, వీలు కాలేదట. "ఈ ఒక్క ఏడాదికి సర్దుకుందాం పెద్దమ్మా. బయటి నుంచి దైవసేవకులు వస్తున్నారు. బిడ్డ ఎవరిదని అడిగితే నేనేం చెప్పనండి?"

"నా మన్మరాలని చెప్పుండ్రి."

అతను బతిమాలాడు. రేపు ఆరాధనకు ముందు స్ఫూర్తి ఒక్కసారి లేచి తప్పయిందని అంటే చాలట, బిడ్డను తొట్టిలో తానే స్వయంగా పడుకోబెడతాడట. ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారట. అసలు ఆడపిల్లను బాలయేసుగా పెట్టడం కూడా ఎంతవరకు సబబో ఆలోచించాలని గొణిగాడు. నిరుడు తొట్టిలో పడుకున్నది నింగమ్మ మనవరాలని అయ్యమ్మ గుర్తుచేస్తే ఆ ముక్క అక్కడే వదిలేశాడు.

"నా బిడ్డ నిలవడ్తది," అన్నది అయ్యమ్మ. "పక్కన ఆ సూగురేశును గూడ నిలవెట్టుండ్రి."

"అతను మన సంఘం వాడు కాదు కదా పెద్దమ్మా."

"అంటే సంఘపోల్లు చేస్తెనే తప్పా?"

అతను బొమ్మను చేతిలోకి తీసుకుని, చెదిరిన దాని గౌను జాగ్రత్తగా సర్దాడు. తన మనవరాలిని ఈ మనిషి ఇంతవరకు ఒక్కసారి ఎత్తుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అయ్యమ్మకు. ఇంకేం మాట్లాడినా నోటికి తగని మాట వస్తుందని బయటికి పోయింది. బోరింగు దగ్గర తొట్టిని కొబ్బరి పీచుతో తోమింది. తోమిన చోటే మళ్లీ మళ్లీ తోమింది, చెక్క అరిగిపోతుందని నింగమ్మ వచ్చి చేయి పట్టుకునేదాకా.

ఆటలో గొల్లలు ఈసారి అయ్యమ్మ, నింగమ్మ, కిష్టప్ప. మామూలుగా మగవాళ్లు కడతారు ఆ వేషాలు. కాని వయసులో ఉన్న మగవాళ్లంతా బెంగుళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నారు, మేస్త్రీ సెలవివ్వలేదు. నువ్వు వేషం మానుకుంటే మానుకో, నేనూ మానేస్తానన్నది నింగమ్మ. మాననన్నది అయ్యమ్మ. ఎందుకు మాననన్నదో అప్పటికి ఆమెకే తెలియదు.

వేషానికి గొంగళ్లు ఇచ్చేది యమనూరప్ప. అతను కురుబ, నిజంగా గొర్రెలు కాసేవాడు. ఏటా ఈ రోజుల్లో చర్చికి ఎదురుగా ఉన్న చేలల్లో మంద కడతాడు, ఎరువు కోసం రైతులు పిలిపించుకుంటారు. అతను చర్చి గడప తొక్కింది లేదు. గొంగళ్లు మాత్రం అడగకముందే దులిపి పెడతాడు. ఈసారి అయ్యమ్మ పోలేదు. ఎవరి ముఖమూ చూడాలనిపించక ఇంట్లోనే కూర్చుంది. పొద్దు వాలుతుండగా యమనూరప్పే, భార్యను వెంటబెట్టుకుని, గొంగళ్లు భుజాన వేసుకుని వచ్చాడు.

గొంగళ్లు ఒక వంక. వాళ్లు వచ్చింది బిడ్డను చూడటానికి. ఆ ఆడమనిషి చీర ఉయ్యాలలోకి వంగి చూసింది, నవ్వింది, కన్నడంలో పేరేమిటని అడిగింది. యమనూరప్ప ఒక గొంగడి నేల మీద పరిచి బిడ్డను కాసేపు దాని మీద పడుకోబెట్టమన్నాడు, తమ ఇళ్లలో పుట్టినవాళ్లకు అట్లా చేస్తామని. స్ఫూర్తి పడుకోబెట్టింది. బిడ్డ కాళ్లు కొట్టుకుంటూ ఆ ముతక ఉన్నిని పిడికిట్లో పట్టుకుంది.

తండ్రి ఎవరని వాళ్లు అడగలేదు. తెలియక కాదు. ఇక్కడి నుంచి రాయచూరు దాకా ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పేరు ఒక్కటే అడిగారు. అయ్యమ్మ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక, రేపు చర్చిలో పిలుస్తారని అబద్ధమాడింది. మంచిదని వాళ్లు లేచిపోయారు, మందలో ఒక గొర్రె ఈనేటట్టు ఉందట.

వాళ్లు పోయాక స్ఫూర్తి గొంగడి మీద బిడ్డ పక్కనే కూర్చుంది. తర్వాత అన్నది, "అమ్మా, రేపు నేనే నిలవడ్త. దీనికి పేరన్న పడ్తది."

"నువ్వు కూసో," అన్నది అయ్యమ్మ. "నిలవడేటోల్లు వేరే ఉన్నరు."

క్రిస్మస్ పొద్దున చర్చి కిటకిటలాడింది. రంగుకాగితాల తోరణాలు, మైకు, ముందు వరసలో వచ్చిన పాస్టర్లకు ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్లకు చాపలు. తొట్టి మధ్యలో ఉంది, చొప్ప మీద తెల్లగుడ్డలో బొమ్మ. చాపల మీది ఆడవాళ్లు తొట్టిలోకి తొంగి చూసి, అయ్యమ్మ వైపు చూసి, తలలు దించుకున్నారు. ఏదో ఒక ఏడు తమ బిడ్డలను తెచ్చి ఇక్కడ పడుకోబెట్టినవాళ్లే. అయ్యమ్మకు వాళ్ల మీద కూడా ఒళ్లు మండింది.

విజయకుమార్ ప్రసంగం మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు, అది ఒప్పుకోవాలి. కుర్చీల్లోని పాస్టర్లు తలలూపారు. ఆ గొల్లలు ఇళ్లలో పడుకోలేదు, మంద పక్కన చలిలో పడుకున్నారని చెప్పాడు. కాపరి ఒంటికి గొర్రెల వాసన రాకపోతే అతను ఎక్కడ పడుకుంటున్నాడో తనను తాను అడిగి చూసుకోవాలన్నాడు. అంత గొప్ప కబురు మొట్టమొదట రాజుగారింటికి పోలేదు, గుడికి పోలేదు, పేడలో కూర్చున్న వాళ్లకు వచ్చిందన్నాడు. చూసొచ్చాక వాళ్లు పెద్దమనుషులైపోలేదు, తిరిగి తమ మంద దగ్గరికే పోయారన్నాడు. తర్వాత, అయ్యమ్మకు తెలిసిన చోటే, గొంతు పెంచాడు.

"ఆ తల్లి గురించి ఊళ్లో ఎన్ని మాటలు ఉండి ఉంటాయో ఆలోచించండి. కాపరులు అవేవీ అడగలేదు. వాళ్లు ప్రశ్నలు వేయలేదు, పరుగెత్తారు."

కుర్చీల్లోంచి ఆమెన్ అన్నారు. అయ్యమ్మ గుమ్మం బయట గొంగడి కప్పుకుని నిలబడి ఉంది, కర్రను ఎంత బిగించి పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి. ఇన్ని మంచి మాటలు తెలిసిన మనిషి! తెలియకపోతే క్షమించొచ్చు. తెలిసి, వల్లె వేసి, మైకులో చెప్పి, ఆ మాటల ముందే బొమ్మను పడుకోబెట్టుకున్నాడు.

పాట మొదలైంది. గొల్లలు లోపలికి వచ్చారు. ఆకాశంలో వెలుగు చూసి భయపడాల్సిన చోట కిష్టప్ప భయపడ్డాడు. నింగమ్మ పడిపోయి లేచింది, పిల్లలు నవ్వారు. అయ్యమ్మ తన మాట చెప్పింది: పోదాం రండి, ఆ బిడ్డను చూసొద్దాం. ముగ్గురూ తొట్టి దగ్గరికి వచ్చారు. ఇప్పుడు మోకాళ్లూనాలి. కిష్టప్ప కర్ర మీద బరువేసి వంగబోయాడు. అయ్యమ్మ నిలబడే ఉంది. బొమ్మకు ఒక కన్ను సరిగ్గా మూసుకోలేదు, సగం తెరిచి పైకప్పును చూస్తున్నది.

విజయకుమార్ సైగ చేశాడు. ఆమె కదల్లేదు. నొప్పేమో అనుకుని, మైకు పక్కకు తిప్పి, నిలబడే ఉండండి పెద్దమ్మా పరవాలేదని మెల్లగా అన్నాడు.

"మోకాళ్లు బాగనే ఉన్నయ్ అయ్యగారు," అన్నది అయ్యమ్మ. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. "ఈడ బిడ్డ లేదు."

పాట ఆగిపోయింది.

"వాల్లు ప్రశ్నలేయలే, ఉరికిండ్రు అని మీరే చెప్పిండ్రు. వారం దినాలు ఊడ్సుకుంట ఇన్న. ఇయ్యాల మేం గొల్లోల్లం. బిడ్డ యాడున్నదో మాకు ఎరుకే. మేం పోతున్నం."

వెనక్కి తిరిగి నడిచింది. అరవలేదు, ఏడవలేదు. గొంగడి కొంగు నేలన ఈడ్చుకుంటూ చాపల మధ్యలోంచి నడిచి గుమ్మం దాటింది. ఆమె ఒక్కతే పోయి ఉంటే అది ఒక ముసలిదాని కోపంగా మిగిలిపోయేది. నింగమ్మ వెంట నడిచింది, అది అనుకున్నదే. కిష్టప్ప మాత్రం తొట్టి దగ్గరే నిలబడిపోయాడు. వానల్లో పాస్టరు వెంట పోయి స్ఫూర్తిని బల్లకు రావద్దన్నవాడు అతనే. పాస్టరును చూశాడు, కుర్చీల్లోని వాళ్లను చూశాడు, బొమ్మను చూశాడు. తర్వాత కర్ర పక్కన పెట్టి, బొమ్మను తీసి నేల మీద పెట్టి, తొట్టిని ఎత్తబోయాడు. అతని వల్ల కాలేదు. చాపల మీంచి ఇద్దరు ఆడవాళ్లు లేచి చెరో పక్క పట్టుకున్నారు. వాళ్ల వెనక మిగతావాళ్లు లేచారు.

అయ్యమ్మ ఇల్లు చర్చి వెనక సందులోనే. స్ఫూర్తి బిడ్డకు నీళ్లు పోసి, ఒళ్లు తుడుస్తున్నది. గొంగళ్లు కప్పుకున్న వాళ్లు ముందు, తొట్టి వెనక, దాని వెనక సంఘమంతా సందులోకి వస్తుంటే చూసి, తడి బిడ్డను ఛాతీకి హత్తుకుని గోడ మూలకు పోయి నక్కింది. ఊళ్లోంచి వెళ్లగొట్టడానికి వచ్చారనుకుంది.

అయ్యమ్మకు అన్నిటికంటే ఎక్కువ కోపం అప్పుడు వచ్చింది. క్రిస్మస్ రోజు సంఘం ఇంటికి వస్తే కన్నకూతురు మూలకు నక్కింది. ఆ భయం దానంతటది వచ్చిందా? ఇంటికొచ్చి కళ్లు మూసుకుని ప్రార్థన చేసి మరీ నేర్పిపోయారు.

తొట్టిని గడప లోపల దించారు. కిష్టప్ప స్ఫూర్తి దగ్గరికి పోయి, బిడ్డను ఇమ్మని రెండు చేతులూ చాపాడు. స్ఫూర్తి తల్లి వైపు చూసింది. అయ్యమ్మ తలూపింది. బిడ్డను చొప్ప మీద పడుకోబెట్టాక కిష్టప్ప మోకాళ్లూనాడు, నింగమ్మ ఊనింది, సందులో నిలబడ్డవాళ్లు నిలబడ్డ చోటే ఊనారు. బిడ్డ గట్టిగా ఏడుపు అందుకుంది.

ఇక పేరు పిలవాలి. పిలవాల్సినవాడు లేడు. అది పాస్టరు పిలవాల్సిన పేరు. అందరూ సందు మొగ వైపు చూశారు.

విజయకుమార్ వచ్చాడు, కొంచెం ఆలస్యంగానే వచ్చాడు. తెల్లంగీ అంచు చేత్తో ఎత్తిపట్టుకుని, మోకాళ్ల మీది వాళ్లను దాటుకుంటూ, ఒక్కడే. కుర్చీల వాళ్లు కుర్చీల్లోనే ఉండిపోయారు. అతను గడప దాకా వచ్చాడు. గడపకు అడ్డంగా అయ్యమ్మ నిలబడి ఉంది.

"పెద్దమ్మా," అన్నాడు. "పేరేంటండి?"

ఇన్నేళ్లలో అయ్యమ్మ అతన్ని మీరు అనే పిలిచింది. ఇప్పుడు అనలేదు.

"గొర్లోల్లు నిన్న ఇంట్లకొచ్చి గా మాటే అడిగిండ్రు," అన్నది. "నువ్వు వానలు వడ్డప్పటి సంది వచ్చినవ్. తప్పెవరిదని అడిగినవ్, ఎట్లయిందని అడిగినవ్, ఎప్పుడు ఒప్పుకుంటరని అడిగినవ్. పేరేందని ఇయ్యాల అడుగుతున్నవ్."

నియమాలు, వచ్చినవాళ్లు, రేపటి మాటలు, అన్నీ విజయకుమార్ నోటి దాకా వచ్చే ఉంటాయి.

"అడగలేదండి," అన్నాడు చివరికి. గడప బయటే, సందు మట్టిలో, తెల్లంగీతోనే మోకాళ్లూనాడు. లోపలికి చూస్తూ, "అమ్మా స్ఫూర్తీ, పాపకు ఏం పేరనుకున్నావు?" అని అడిగాడు.

స్ఫూర్తి తొట్టి మీదికి వంగింది. "నిరీక్షణ," అన్నది, అతనికి కాదు, బిడ్డకు చెబుతున్నట్టు.

విజయకుమార్ తల వంచుకుని ఆ పేరు పలికాడు. పక్కనున్న వాళ్లకే సరిగ్గా వినపడలేదు.

"గట్టిగ," అన్నది అయ్యమ్మ. "గా బొమ్మ పక్కన కూసున్న మీ అయ్యగార్లకు గూడ ఇనవడాలె."

అతను తలెత్తి, చర్చి వైపు తిరిగి, నిరీక్షణా అని అరిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు. ఎదుటి చేనులో గొర్రెలు ఉలిక్కిపడి కదిలాయి.

అయ్యమ్మ కోపం పోలేదు. బొమ్మ గౌను సర్దిన ఆ చేతులు ఆమె కళ్ల ముందే ఉన్నాయి, చాన్నాళ్లు ఉంటాయి. కాని గడప దగ్గర అడ్డంగా నిలబడిందల్లా, ఒక మనిషి ఒంగి లోపలికి రావడానికి చాలినంత పక్కకు జరిగింది.